7-7-3 మంత్రం కాదు తమ్ముడూ!

పోయిన నెల ఫోన్‌లో ఒక మెసేజ్. "అన్నా, నా బగ్గీ అమ్మేద్దామనుకుంటున్నా. ఎవరైనా తీసుకుంటారా?"

పంపింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడు. రెండు సెలవుల్లో డెలివరీ పని చేసి దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో 1/8 స్కేల్ ఎలక్ట్రిక్ బగ్గీ కొన్నాడు. వాళ్ల ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్ ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్నే నలుగురు ఫ్రెండ్స్ ఆ మొరం నేల మీదే బండ్లు తిప్పుకుంటారు. అందరి బండ్లూ మలుపు తిరుగుతాయి, వీడిది తప్ప. స్టీరింగ్ తిప్పితే నేరుగా పోతుంది. మధ్యలో గ్యాస్ ఇస్తే వెనక భాగం జారి బండి మొత్తం తిరిగిపోతుంది.

కొత్త టైర్లు వేశాడు. కొత్త సర్వో పెట్టాడు. ఫలితం లేదు. ఇప్పుడు మోటార్ మార్చాలా, బండే అమ్మేయాలా అన్న దగ్గరికొచ్చాడు.

"డిఫ్‌లలో ఏ ఆయిల్ ఉంది?" అని అడిగా.

"7-7-3 అన్నా. యూట్యూబ్‌లో పెద్ద రేసర్లు కూడా అదే వాడుతున్నారు."

"నువ్వే పోశావా?"

"లేదన్నా, అమ్మినతను చెప్పాడు."

అక్కడ నాకు డౌట్ కొట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందు డిఫ్ సంగతి చూడాలి. కొత్తవాళ్లు కూడా ఫాలో అవ్వండి, పెద్ద కష్టమేం కాదు.

అసలు డిఫ్ ఎందుకు?

బగ్గీ ఎడమ, కుడి చక్రాల మధ్య 25 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. ఒక యూ-టర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 78 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది విడిగా తిరుగుతాయి. బగ్గీలో మోటార్ రెండు చక్రాలనూ తిప్పాలి, అయినా రెండూ వేరు వేరు స్పీడ్‌లో తిరగగలగాలి. ఆ పని చేసే గేర్ల డబ్బానే డిఫరెన్షియల్. ముద్దుగా డిఫ్.

దీనికో బలహీనత ఉంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే పవరంతా అటే పోయి అది గిర్రున తిరుగుతుంది, నేల మీదున్న చక్రం ఊరుకుంటుంది. పొలంలో ట్రాక్టర్ ఒక చక్రం బురదలో దిగబడినప్పుడు చూసే ఉంటారు. డ్రైవర్ డిఫ్ లాక్ తొక్కుతాడు, రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటికొస్తుంది. కానీ లాక్ వేసుకుని రోడ్డు మీద మలుపు తిప్పబోతే ట్రాక్టర్ మొండికేస్తుంది.

మన బగ్గీ డిఫ్‌లో పోసే సిలికాన్ ఆయిల్ ఈ రెంటికీ మధ్య రాజీ. రెండు చక్రాలూ ఒకే స్పీడ్‌లో ఉంటే ఆయిల్‌కి పనే లేదు. స్పీడ్‌లో తేడా రాగానే లోపలి గేర్లు ఆయిల్‌ని చిలుకుతాయి, ఆయిల్ వాటిని పట్టి ఆపుతుంది. చిక్కటి ఆయిల్ ఎక్కువ ఆపుతుంది, పలచటిది తక్కువ. అంతే సంగతి.

సీసా మీద నంబర్ ఏంటి?

అది చిక్కదనం. కొలత పేరు సెంటీస్టోక్స్. ఐర్లాండ్‌లో పుట్టిన శాస్త్రవేత్త జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ పేరు మీద వచ్చింది. నీళ్ల చిక్కదనం సుమారు 1. చలికాలం పొద్దున, 20 డిగ్రీల దగ్గర, అమ్మమ్మ సీసాలోంచి బద్ధకంగా దిగే ఆముదం దాదాపు 1000. అంటే 7000 ఆయిల్ దానికి ఏడు రెట్లు చిక్కన.

7-7-3 అంటే ముందు డిఫ్‌లో 7000, సెంటర్‌లో 7000, వెనక 3000. ఎప్పుడూ ఇదే వరస.

ఒక చిట్కా. నంబర్ల తేడా కాదు, ఎన్ని రెట్లో చూడండి. 1000 నుంచి 2000కి వెళ్తే చిక్కదనం డబుల్, బండి నడక మారినట్టు వెంటనే తెలుస్తుంది. 10000 నుంచి 11000కి వెళ్తే మీ వేళ్లకీ తెలీదు, బండికీ తెలీదు.

"బైక్ ఇంజన్ ఆయిల్ పోయొచ్చా?" అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. వద్దు. ఈ పనికి అది మరీ పలచన, వేడెక్కితే ఇంకా నీళ్లయిపోతుంది.

మూడు డిఫ్‌లు, మూడు డ్యూటీలు

ముందు డిఫ్: పలచన చేస్తే గ్యాస్ వదిలి మలుపులోకి దూరేటప్పుడు బండి చురుగ్గా తిరుగుతుంది. కానీ బయటికొస్తూ గ్యాస్ ఇస్తే లోపలి చక్రం ఊరికే తిరిగి బండి వెడల్పుగా పోతుంది. చిక్కన చేస్తే లోపలికి వెళ్లేటప్పుడు నిదానం, బయటికొచ్చేటప్పుడు ముందు చక్రాలు గట్టిగా లాగుతాయి.

సెంటర్ డిఫ్: ఇది ముందు జతకీ వెనక జతకీ మధ్య పంపకాలు చేస్తుంది. పలచగా ఉంటే గ్యాస్ కొట్టగానే బరువు వెనక్కి వెళ్లి, తేలికైన ముందు చక్రాలకే పవర్ పోతుంది. అవి ఉబ్బిపోయి తిరుగుతుంటాయి, బండి ముందుకి రాదు. చిక్కగా ఉంటే వెనక్కి పవర్ బాగా అందుతుంది, బండి దూకుతుంది. మరీ చిక్కనైతే గతుకుల మీద అదుపు కష్టం.

వెనక డిఫ్: పలచగా ఉంటే మలుపులో వెనక భాగం నేలని పట్టుకుని ఉంటుంది. మరీ పలచనైతే బయటికొచ్చేటప్పుడు ఒక చక్రం వృథాగా తిరుగుతుంది. చిక్కన చేస్తే నేరుగా దూసుకెళ్తుంది కానీ మలుపులో గ్యాస్ ఇవ్వగానే వెనక జారుతుంది.

ఈ చివరి ముక్క నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నా. కొత్తలో "చిక్కన అంటే గ్రిప్" అనుకుని వెనక 30000 పోశా. ఆ సాయంత్రమంతా బండి బొంగరం. నా డ్రైవింగే బాలేదనుకుని నెల రోజులు ప్రాక్టీస్ చేశా, పిచ్చోడిలా.

వాళ్ల ట్రాక్ వేరు, మన మొరం వేరు

1/8 ఆఫ్-రోడ్ బగ్గీలకి ప్రపంచ పోటీలు 1986 నుంచి జరుగుతున్నాయి. అలాంటి పెద్ద రేసుల ట్రాక్‌లు చాలావరకు బంకమట్టితో గట్టిగా చదును చేసి, నీళ్లు కొట్టి తయారుచేసినవి. టైర్ అతుక్కుంటుంది. గ్రిప్ ఎక్కువున్న చోట చిక్కటి ఆయిల్ బండిని నిలకడగా ఉంచుతుంది. మన వెంచర్ మొరం అలా కాదు. పైన గులకరాళ్లు, దుమ్ము, కింద గతుకులు. ఇలాంటి చోట పలచటి వైపు నుంచి మొదలుపెట్టాలి. కిట్ మాన్యువల్ దొరికితే అందులో ఇచ్చిన నంబర్లే మొదలు. దొరక్కపోతే 5-5-2 మంచి ఆరంభం.

మన ఎండని కూడా లెక్కలోకి తీసుకోండి. సీసా మీద నంబర్ 25 డిగ్రీల దగ్గర కొలిచింది. సిలికాన్ ఆయిల్ మిగతా నూనెలంత కాకపోయినా, వేడికి పలచబడుతుంది. 45 డిగ్రీల దగ్గర సుమారు మూడో వంతు చిక్కదనం పోతుంది. అంటే మే నెలలో మీ 7000 కాస్తా 5000కి దగ్గరగా ప్రవర్తిస్తుంది. చలికాలంలో బాగున్న బండి ఎండాకాలంలో వదులుగా అనిపిస్తే బండిని తిట్టకండి, ఒక మెట్టు చిక్కన చేయండి.

తమ్ముడి బండిలో ఏం దొరికింది?

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి. మలుపులోకి తిరగట్లేదు, గ్యాస్ ఇస్తే వెనక జారుతోంది. 3000 ఆయిల్ ఉన్న వెనక డిఫ్ ఇంత గోల చేయదు. అందుకే ఒక చిన్న టెస్ట్ చెప్పా. ఖర్చు సున్నా, మీరూ చేయొచ్చు.

"బ్యాటరీ తీసేయ్. బండిని ఒక డబ్బా మీద పెట్టి చక్రాలు గాల్లో ఉంచు. సెంటర్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్‌ని కదలకుండా పట్టుకో. వెనక ఒక చక్రం తిప్పు. రెండోది ఎదురు దిక్కులో తేలిగ్గా తిరగాలి."

అయిదు నిమిషాల్లో వీడియో పంపాడు. చక్రం తిరగడానికి ఏడుస్తోంది. వెల్డింగ్ చేసినట్టుంది.

డిఫ్ విప్పించా. లోపల ఆయిల్ లేదు. చూయింగ్ గమ్‌లా సాగే ముద్ద కూరి ఉంది. ముందున్న ఓనర్ ఎవరో ముందు చక్రాలు లేపి విన్యాసాలు చేయడానికి పెట్టుకున్నట్టున్నాడు. అమ్మినతనికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. వీడు మాత్రం ఆ ముద్ద మీద కొత్త టైర్లు, కొత్త సర్వో కొన్నాడు. కావాల్సింది కొన్ని వందల రూపాయల సీసా.

పోసేటప్పుడు

మూడూ విప్పి, గేర్లు శుభ్రంగా తుడిచి 5-5-2 పోయమన్నా. జాగ్రత్తలు ఇవీ:

ఆయిల్ గేర్ల మధ్య అడ్డంగా ఉండే పిన్నులు మునిగేంతవరకే పోయండి. పైదాకా నింపితే వేడికి ఉబ్బి సీళ్లలోంచి కారిపోతుంది.

పోశాక గేర్లని చేత్తో నాలుగు చుట్లు తిప్పి, పావుగంట ఆగండి. గాలి బుడగలు పైకొస్తాయి. లెవెల్ దిగితే కాస్త పోసి అప్పుడు మూత పెట్టండి.

ఓ-రింగ్, గాస్కెట్ చూసుకోండి. తెగి ఉంటే మార్చండి. మూత స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

మూడింటికీ ఒకే బ్రాండ్ ఆయిల్ వాడండి. బ్రాండ్ మారితే అదే నంబర్ వేరేలా అనిపించొచ్చు.

తేదీ, నంబర్లు ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. పాత ఆయిల్ నల్లగా వచ్చిందంటే మార్చే టైమ్ దాటిపోయినట్టే.

అన్నిటికంటే ముఖ్యమైంది: ఆ తర్వాత ఒకసారికి ఒక్క డిఫే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

మొదటి ఆదివారం బండి మలుపు తిరిగింది. "అన్నా, తిరుగుతోంది!" అని ఆశ్చర్యార్థకాలతో నిండిన మెసేజ్. కానీ స్ట్రెయిట్‌లో గ్యాస్ కొడితే ముందు చక్రాలు ఉబ్బిపోతున్నాయన్నాడు. ఏ డిఫో పైన చదివిన మీకే తెలుసు. రెండో ఆదివారం సెంటర్ ఒక్కటే 7000 చేశాడు. ఇప్పుడు వాడి బండి 5-7-2. ఏ ఛాంపియన్ సెటప్పూ కాదు, ఆ వెంచర్ మొరానికి కుదిరిన సెటప్.

సెకండ్ హ్యాండ్ బండి కొన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. అమ్మినవాళ్లు చెప్పిన నంబర్ నంబర్ కాదు. మీరు విప్పి, కడిగి, పోసిందే నంబర్. అది తెలియకుండా కొత్త పార్టులు కొనకండి.

నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. "అన్నా, బగ్గీ అమ్మట్లేదు. పాత సర్వో బానే పనిచేస్తోంది, కొత్తది ఎవరికైనా కావాలా?"

కావాల్సినవాళ్లు కామెంట్ పెట్టండి. వచ్చే వారం షాక్ ఆయిల్ సంగతి చూద్దాం.