ఇంటా బయటా: గీతకి ఇవతల, గీతకి అవతల

కిందటి నెల ఆవకాయ సంగతులు రాస్తే ఫోను చేసి మెచ్చుకున్నవారు చాలామందే ఉన్నారు. అందరికీ కృతజ్ఞతలు. ఈ నెల రాయబోయేది మాత్రం నోరూరించే విషయం కాదని ముందే మనవి చేసుకుంటున్నాం. చదివాక కోపం వచ్చినా ఫోను చెయ్యండి, వింటాం.

మా కౌంటీ స్కూలు బోర్డువారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. స్కూళ్ళ హద్దులు తిరగ గీస్తారట. ఒక మూల స్కూళ్ళు కిటకిటలాడుతున్నాయి, పిల్లల్ని ఆవరణలో పెట్టిన ట్రైలర్లలో కూచోబెట్టి చదువు చెబుతున్నారు. ఇంకో మూల గదులు ఖాళీగా ఉన్నాయి. అందుచేత కొన్ని వీధుల పిల్లల్ని ఇక్కణ్ణుంచి అక్కడికి మారుస్తారట. ఉత్తరంతో పాటు ఒక మ్యాపు కూడా పెట్టారు. అందులో ఎర్రగీత సరిగ్గా మా వీధి పక్కనుంచే పోతోంది. మా ఇల్లు గీతకి అవతల పడింది.

ఇల్లు కొన్ననాటి సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మీరూ అలాగే కొన్నారు కాబట్టి. తూర్పు వాకిలా, వంటిల్లు పెద్దదా అన్నవి తర్వాతి మాటలు. ముందు అడిగింది "ఈ ఇంటికి ఏ స్కూలు?" అని. అలాంటి ఇల్లే, అన్నే గదులు, పెద్ద రోడ్డుకి అవతల ఎంతో తక్కువకి వస్తుందని ఏజెంటు చెప్పినా వద్దన్నాం. అప్పు పెంచుకుని గీతకి ఇవతలే కొన్నాం. ఇప్పుడు ఆ గీతే లేచి నడిచి మమ్మల్ని అవతలికి నెట్టేస్తే కడుపు మండదూ? మండింది. దాచుకోవడం ఎందుకు?

ఆ వారమే ఒక మిత్రుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదాలు అయ్యాయి, భోజనాల దగ్గర కూచున్నాం. కథ విన్నంతసేపు ఓపిక పట్టినవాళ్ళందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి ఆ మ్యాపే చూస్తున్నారు. "మీది ఎటు పడింది?" "మాది బతికిపోయిందండీ." "మాది పోయింది." ఇలా సాగుతోంది. ఇంతలో ఒకాయన, "ఆ స్కూలుకా మన పిల్లల్ని పంపడం? అక్కడ చదువుకునే మొహాలు ఎవరున్నారండీ?" అన్నారు. అందరం నవ్వాం. మేమూ నవ్వాం. అంతటితో ఊరుకోక, "అక్కడ చేరితే మన పిల్లలకి చదువు రాదు గానీ లోకజ్ఞానం బాగా వస్తుంది" అని మా వంతు హాస్యం మేమూ జోడించాం.

అప్పుడే పులిహోర గిన్నెతో వచ్చిన ఒక అమ్మాయి మా విస్తరి దగ్గర ఆగింది. ఈ దేశం వచ్చి రెండేళ్ళయింది వాళ్ళు. పెద్ద రోడ్డుకి అవతల అపార్టుమెంట్లలో ఉంటారు. "ఇంకాస్త వెయ్యమంటారా అన్నయ్యగారూ?" అని అడిగి, వేసి, మెల్లిగా అంది: "మా బాబు ఆ స్కూల్లోనే చదువుతున్నాడండీ. వాళ్ళ లెక్కల టీచరు చాలా మంచావిడ." అని పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

ఆ పులిహోర ఎలా ఉందో మాకు గుర్తులేదు.

కారులో మా అమ్మాయి వెనకసీట్లోంచి అడిగింది. "నాన్నా, ఆ ఆంటీ వాళ్ళ బాబు లెక్కల్లో నాకంటే రెండు క్లాసులు ముందున్నాడు. మరి వాడి స్కూలు చెడ్డది ఎలా అయింది?" మా దగ్గర జవాబు లేదు. రేడియో పెట్టాం.

తర్వాత నిదానంగా ఆలోచించడం మొదలుపెట్టాం. మొదట తేలిందేమిటంటే, ఇల్లు అమ్మినవాడు మనకి ఇల్లు అమ్మాడు గాని స్కూలు అమ్మలేదు. దస్తావేజులో ఎక్కడా స్కూలు పేరు లేదు. హద్దులు గీసే అధికారం మొదట్నుంచీ బోర్డుదే. మనం కొన్నది ఆశని.

రెండోది, ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. మనకి పొరుగున ఉన్న మేరీలాండ్ హోవర్డ్ కౌంటీ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాదాపు 58 వేల మంది పిల్లలున్న కౌంటీ అది. 2019 ఆగస్టులో అక్కడి సూపరింటెండెంటు సుమారు 7,400 మంది పిల్లల్ని మార్చే ప్రతిపాదన తెచ్చారు. కిక్కిరిసిన స్కూళ్ళకి ఉపశమనం ఒక కారణం. ఉచిత భోజనం, తగ్గింపు ధర భోజనం తీసుకునే బీద పిల్లలందరూ కొన్ని స్కూళ్ళలోనే పోగుపడకుండా చూడటం ఇంకో కారణం. అక్కడ కౌంటీని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కని పాలిగన్ అంటారు. ఆ మూడు నెలలూ ఎదురుపడితే గోత్రం అడిగినట్టు "మీ పాలిగన్ నంబరెంత?" అని అడిగేవారు. ఊరేగింపులు, అట్టల మీద నినాదాలు, రాత్రి పొద్దుపోయేదాకా బహిరంగ సభలు. మర్యాదగా మసలుకుందామని కార్ల మీద స్టిక్కర్లు అంటించుకునే కౌంటీ అది. అక్కడే ఇరుగుపొరుగులు మాటలు మానుకున్నారు. ప్రతిపాదనని ఎదిరించినవారిలో మన భారతీయులు, చైనావారు, కొరియావారు చాలామంది ఉన్నారు.

ఆ కౌంటీలోని కొలంబియా పట్టణం 1967లో వెలసింది. అన్ని రంగులవాళ్ళూ, అన్ని ఆదాయాలవాళ్ళూ పక్కపక్కనే ఉండాలని జేమ్స్ రౌస్ అనే ఆయన పనిగట్టుకుని కట్టించిన ఊరు. దాని భాగాల్ని విలేజి అంటారు. వాటిలో మొదటిది వైల్డ్ లేక్, చివరిది రివర్ హిల్. యాభై ఏళ్ళు తిరిగేసరికి, రివర్ హిల్ వైపు పిల్లల్లో కొందరు వైల్డ్ లేక్ హైస్కూలుకి వెళ్ళాలంటే అంత గగ్గోలు పుట్టింది. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నవే.

చివరికి 2019 నవంబరులో బోర్డు సుమారు 5,400 మందిని మార్చడానికి ఒప్పుకుంది. తర్వాత జరిగిందే విచిత్రం. 2020లో కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాయి. ఏ స్కూలు కోసం అన్ని కన్నీళ్ళు కారాయో, ఆ కొత్త స్కూల్లో మొదటి రోజు పిల్లలు తమ ఇంట్లో తమ భోజనాల బల్ల దగ్గరే కంప్యూటరు ముందు కూచున్నారు. 2023లో జెస్సప్‌లో 13వ హైస్కూలు తెరిచారు, దానికోసం గీతలు మళ్ళీ మారాయి. గీత శాశ్వతం అనుకోవడం మన పొరపాటు.

ఇంకాస్త వెనక్కి వెడదాం. కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో లిండా బ్రౌన్ అనే పాపకి ఇంటికి ఏడు వీధుల దూరంలో ఒక స్కూలుండేది. అది తెల్లపిల్లలది. నల్లపిల్ల కాబట్టి ఆ పాప నడిచి వెళ్ళి బస్సెక్కి మైలు దూరంలో ఉన్న ఇంకో స్కూలుకి పోవలసి వచ్చేది. ఆ కేసులో 1954లో సుప్రీం కోర్టు, రంగుని బట్టి బడులు విడదియ్యడం చెల్లదంది. 1971లో షార్లెట్ కేసులో బస్సుల్లో పిల్లల్ని అటూ ఇటూ పంపవచ్చంది. కాని 1974లో డెట్రాయిట్ కేసు వచ్చేసరికి, నగరపు హద్దు దాటి 53 శివారు డిస్ట్రిక్టుల్ని కలపడం కుదరదని 5-4 తేడాతో చెప్పింది. డిస్ట్రిక్టు గీత దాటితే చాలు అన్న ధైర్యం చాలామందికి అక్కడ్నుంచే వచ్చింది. 2007లో సియాటిల్ కేసులో, ఒక్కొక్క పిల్లవాడి రంగు చూసి బడి నిర్ణయించడం కూడదంది. అయితే హద్దులు గీసేటప్పుడు ఏ వాడలో ఎవరున్నారో గమనించడం తప్పు కాదని జస్టిస్ కెనెడీ విడిగా రాశారు. ఈనాడు బోర్డులవారు చేసేది ఆ మాటకి లోబడే.

ఇందులో మనకేం పని అంటారేమో. ఉంది. 1965కి ముందు ఈ దేశం మన దేశానికి ఇచ్చిన వాటా ఏడాదికి నూరు మంది. అదీ ఒక గీతే. ఆ గీతని చెరిపింది 1965 చట్టం. పౌరహక్కుల పోరాటం చేసినవాళ్ళు ఆ రోజుల్లో తెచ్చిన గాలి లేకపోతే ఆ చట్టం వచ్చేదే కాదు. తలుపు తెరిచినవాళ్ళ మనవలతో మన పిల్లలు ఒక బెంచీ మీద కూచోవడం మనకి బెంగ అయితే, దానికి పేరేమిటో మనమే చెప్పుకోవాలి.

పోనీ గీతలు మనకి కొత్తా? 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు ఎవరు మరిచిపోతారు? వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. సీట్లలో 85 శాతం వాళ్ళకి. నాన్నకి బదిలీ అయిందని ఊరు మారి నాన్‌లోకల్ అయినవాళ్ళు మన సంఘంలోనే ఎందరో ఉన్నారు. గీత ఎటు పడితే బతుకు అటు పోతుందని మనకి బాగా తెలుసు. కాగితం మీద లేని గీతలు కూడా తెలుసు. ఊళ్ళో ఒకటే బడి అయినా ఏ వాడ పిల్లలు ఏ వరసలో కూచునేవారో చూసి పెరిగినవాళ్ళం.

అలాగని మన బెంగలన్నీ పిచ్చివే అనడం లేదు. మా ఇంటి సంగతే తీసుకోండి. మా చిన్నవాడు మూడో క్లాసు. వాణ్ణి రోజూ బడికి నడిపించుకు వెళ్ళేది మా నాన్నగారు. ఆయనకి ఇంగ్లీషు రెండు ముక్కలు వచ్చు, కారు నడపడం రాదు. ఆ పదిహేను నిమిషాల నడకే ఆయనకి ఈ దేశంలో ఉన్న ఉద్యోగం. దారిలో క్రాసింగు దగ్గర నిలబడే ఆవిడ ఆయన్ని చూసి చెయ్యి ఊపుతుంది, ఈయన నమస్కారం పెడతారు. కొత్త స్కూలుకి బస్సు ఎక్కాలి, హైవే దాటాలి. ఇది చిన్న విషయం కాదు. ఇది బోర్డు వినవలసిన విషయం.

అందుకని ఒక రాత్రి కాగితం తీసుకుని మా బెంగలన్నీ రాసి మూడు కుప్పలు చేశాం. నడిచే దూరం, బస్సులో గడిపే సమయం, అన్నదమ్ములు రెండు బడుల్లో పడటం, పదకొండు, పన్నెండు క్లాసుల పిల్లల్ని మధ్యలో కదపడం మొదటి కుప్ప. ఇవి గట్టిగా అడగాలి. పెద్ద క్లాసుల పిల్లల్ని ఉన్నచోటే ఉండనివ్వడం చాలా చోట్ల చేసేదే. అక్కడ ఏ ఏపీ క్లాసులున్నాయి, ఆర్కెస్ట్రా ఉందా, టీచర్లు నిలుస్తున్నారా అన్నవి రెండో కుప్ప. ఇవి ఊహించకూడదు, వెళ్ళి కనుక్కోవాలి. ఇంటి ధర, "ఆ పిల్లలు" అన్న మాట మూడో కుప్ప. ఈ కుప్పని చూసి చాలాసేపు కూచున్నాం. ఇంటి ధర మాకూ ముఖ్యమే, కాదనం. కాని దాన్ని పిల్లల చదువు పేరుతో అడగడం న్యాయం కాదనిపించింది. "ఆ పిల్లలు" అన్నదాన్ని కొట్టేశాం.

రెండో కుప్ప కోసం ఒక పొద్దున్న సెలవు పెట్టి ఆ స్కూలు చూడటానికి వెళ్ళాం. గోడలకి రంగు వెలిసిపోయింది, నిజమే. లైబ్రరీలో పిల్లలు నిండుగా ఉన్నారు. మేము కావాలనుకున్న క్లాసుల్లో రెండు లేవు. చేరేవాళ్ళు పదిమంది ఉంటే పెడతామన్నారు. అంటే మనం వెళ్ళం కాబట్టి క్లాసు లేదు, క్లాసు లేదు కాబట్టి మనం వెళ్ళం.

బహిరంగ సభలో మాకు మూడు నిమిషాలు ఇచ్చారు. మొదటి కుప్ప చదివాం. పెద్ద క్లాసుల పిల్లల్ని కదపవద్దని, తోబుట్టువుల్ని విడదియ్యవద్దని, హైవే దగ్గర నడిచేవాళ్ళకి దారి చెయ్యమని అడిగాం. మార్పు తప్పదంటే ఆ రెండు క్లాసులూ మొదటి ఏడాదే పెట్టమన్నాం. చప్పట్లు పెద్దగా పడలేదు. మాకు ముందు మాట్లాడినవారు ఆ స్కూలుని తిట్టి బోలెడు చప్పట్లు కొట్టించుకున్నారు. వెనక వరసలో ఆ స్కూలు టీషర్టులు వేసుకున్న పిల్లలు కూచుని అదంతా విన్నారు.

మరునాటి సాయంత్రం రోడ్డుకి అవతల ఆ అపార్టుమెంటుకి వెళ్ళాం. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకున్నవన్నీ గుమ్మంలో మరిచిపోయాం. "ఆ రోజు మేమన్న మాట తప్పమ్మా" అని మాత్రం అన్నాం. "అయ్యో, కూచోండి అన్నయ్యగారూ" అని కాఫీ తెచ్చింది. వాళ్ళాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకేం ఫరవాలేదండీ. వాడు విన్నాడు, అదే..." అని ఆగిపోయారు. లోపలి గదిలో బాబు హోంవర్కు చేసుకుంటున్నాడు. తలెత్తి చూడలేదు.

బోర్డు నిర్ణయం వచ్చే నెల. గీత మా ఇంటికి ఎటు పడుతుందో ఇప్పుడే చెప్పలేం. ఎటు పడినా పిల్లవాణ్ణి బడికి పంపుతాం. నాన్నగారికి మాత్రం ఇంకా పూర్తిగా చెప్పలేదు.

సంఘం కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే సమావేశంలో ఈ విషయానికి ఒక అరగంట కేటాయించండి. రోడ్డుకి అవతలి స్కూళ్ళలో పిల్లల్ని చదివిస్తున్న మన కుటుంబాలవారిని ముందు మాట్లాడనివ్వండి. ఆ అరగంటా తక్కినవాళ్ళం విందాం.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.