ఆకసమునకు భయమేల?

అలంపురమున జోగులాంబా దేవి గుడి చెంత తుంగభద్ర ప్రవహించుచున్నది. 2020వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆ నదికి పుష్కరములు వచ్చినవి. బృహస్పతి మకరరాశిని ప్రవేశించుటచే అవి వచ్చినవని అందఱును చెప్పుకొనిరి. కాని ఆ దినములలో సంజవేళ తలయెత్తి బృహస్పతిని చూచినవా రెందఱు?

గురుగ్రహము సూర్యుని ఒకమాఱు చుట్టి వచ్చుటకు పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ కాలము పట్టును. పుష్కరముల లెక్కకు ఆ గమనమే ఆధారము. ఆ యేడే డిసెంబరు 21న గురుడును శనియు చంద్రబింబపు వెడల్పులో అయిదవ వంతు ఎడముతో కనిపించిరి. మన పూర్వులు ఆకసమును చూచి లెక్కించిరి. మనము లెక్కను నిలుపుకొంటిమి గాని చూపును మఱచితిమి. చూపు మఱచిన చోట భయము చేరును.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. జాపాల-రంగాపూరునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. మా యింట మాత్రము తలుపులు బిగించి, మిగిలిన యన్నమును పాఱబోసిరి. యువకుడనై యుండియు తలుపు తీయుటకు నాకు ధైర్యము చాలలేదు. వాకిటికి వచ్చిన వింతను పోగొట్టుకొంటిని. ఆ విచారము నేటికిని తీరలేదు. అట్టి విచారము మీకు కలుగరాదనియే ఈ మాటలు వ్రాయుచున్నాను.

గ్రహణమనగా నీడయే. సూర్యగ్రహణమున చంద్రుని నీడ భూమిపై పడును. చంద్రగ్రహణమున భూమి నీడ చంద్రునిపై పడును. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన ఆర్యభటీయమున ఈ సంగతియే చెప్పెను. రాత్రి యన నేమి? మనము భూమి నీడలో నుండుటయే. నీడ విషమైనచో మనము ప్రతి రాత్రియు భుజించు అన్నము విషము కావలదా? అయితే ఒక హెచ్చరిక మాత్రము సత్యము. సూర్యుని సూటిగా చూచిన కన్ను చెడును. అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి, దానిగుండ తెల్లకాగితముపై పడు బింబమును చూడవలెను.

పాత భయములు పోకమునుపే క్రొత్త అబద్ధములు సెల్‌ఫోనులలో వచ్చుచున్నవి. ఆగస్టు 27న అంగారకుడు చంద్రునంత కనిపించునను వార్త అట్టిది. 2003లో ఆ తేదీన అంగారకుడు భూమికి సుమారు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. 75 రెట్లు పెద్దదిగా చూపు దూరదర్శినిలో అతడు, వట్టి కంటికి చంద్రుడు కనిపించునంత కనిపించునని ఎవరో వ్రాసిరి. చేతులు మాఱగా దూరదర్శిని మాట జాఱిపోయెను. చంద్రుని మాట మిగిలెను.

అబద్ధమును తెచ్చిన ఆ ఫోనే దానిని పరీక్షించుటకును పనికివచ్చును. స్టెల్లేరియమ్ అను ఉచిత సాధనమున మన ఊరిని, కోరిన తేదీని ఎంచుకొన్నచో ఆనాటి ఆకసము కనులయెదుట నిలుచును. 2020 డిసెంబరు 21వ తేదీని ఎంచి, పడమటి దిక్కును చూడుడు. 2007లో మొదలైన గెలాక్సీ జూ అను కార్యమున సామాన్యులే దూరపు నక్షత్రసముదాయముల చిత్రములను వర్గీకరించి శాస్త్రజ్ఞులకు తోడ్పడిరి. ఆ సామాన్యులలో మీరేల చేరరాదు?

బాలబాలికలారా! పెద్దలను ఎగతాళి చేయుడని నేను చెప్పుట లేదు. పుష్కరస్నానము చేసిన అవ్వను సాయంకాలము చేయి పట్టుకొని మేడమీదికి తీసికొనిపొండు. “అవ్వా! మన యేటికి పుష్కరములు తెచ్చినవాడు ఇతడే” యని గురుని చూపుడు. ఆమె భక్తి తగ్గదు. మీ జ్ఞానము పెరుగును.