ఆరో మనిషి

“రోలింగ్ స్టోన్స్‌ను తీర్చిదిద్దినవాడు ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్” అన్న మాట తరచూ వింటుంటాను. కాదనను. 1963లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, ఎరిక్ ఈస్టన్‌తో కలిసి ఆ బృందానికి మేనేజరయ్యాడు. స్టూడియో అనుభవం లేకుండానే నిర్మాతా అయ్యాడు. జాగర్, రిచర్డ్స్ సొంతంగా పాటలు కట్టాలని పట్టుబట్టిందీ అతడే. అంతవరకు నమస్కారం.

కానీ 1962లో బ్రయన్ జోన్స్ ప్రకటన చూసి అందరికన్నా ముందు వచ్చిన పియానో వాద్యకుడు ఇయాన్ స్టూవర్ట్‌ను, మరుసటి ఏడే బృందం పేర్లలోంచి తీసేయించిందీ ఇతడే. వాద్యంలో లోపముండి కాదు. రూపం నప్పలేదట, ఆరుగురు ఎక్కువట! స్టూవర్ట్ అలిగి వెళ్ళిపోలేదు. వ్యాను తోలాడు, సామాను చేరవేశాడు, రికార్డుల్లో పియానో వాయించాడు. 1985లో కన్నుమూసేదాకా వారితోనే ఉన్నాడు. తీర్చిదిద్దిన ఓల్డ్‌హామ్ మాత్రం 1967లోనే విడిపోయాడు.

దీన్ని వ్యాపారదక్షత అనేవారితోనే నా పేచీ. చెవికి చెందిన కళలో కంటిని తీర్పరిగా కూర్చోబెట్టడం దక్షత కాదు, అపచారం. “పేరొచ్చిందిగా” అంటారా? ఆ ముఖం ఉంటే వచ్చేది కాదని ఎవరు పరీక్షించి చూశారు?

1989లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బృందంతో పాటు స్టూవర్ట్‌నూ చేర్చుకుంది. పోయిన మూడేళ్ళకు దక్కిన పీట అది. బతికుండగా ఎందుకు వేయలేదన్నదే నా ప్రశ్న.