ఆటవిడుపు: యాభై ఆటల తరువాత

బేస్‌బాల్ మన ఆట కాదు. అయినను ఈ మాసం దానిని గురించి వ్రాయుటకు ఒక కారణమున్నది.

2019 మే నెలలో మా అమ్మాయి స్నాతకోత్సవానికి వర్జీనియా వెళ్ళి, ఆర్జిత సెలవు ముగియువరకు అక్కడే ఉన్నాము. సాయంకాలం టీవీ పెట్టితే బేస్‌బాల్. పొరుగుననే ఉన్న వాషింగ్టన్ నేషనల్స్ మా జట్టయినది. మేము అభిమానులమైన ముహూర్తం మాత్రం మంచిది కాదు.

ఆ ఆటలో ఒక్కొక్క జట్టు ఆరు నెలలలో 162 పోటీలు ఆడవలెను. దాదాపు మన హాజరుపట్టీ వలె ప్రతిదినం ఆటయే. మే 23న న్యూయార్క్ మెట్స్ చేతిలో వరుసగా నాలుగవ ఓటమితో నేషనల్స్ లెక్క 50 ఆటలకు 19 గెలుపులు, 31 ఓటములు. పేరుగాంచిన బ్రైస్ హార్పర్ ఆ సీజనుకు ముందే 33 కోట్ల డాలర్ల ఒప్పందంపై ఫిలడెల్ఫియాకు వెళ్ళిపోయినాడు. మేనేజర్ డేవ్ మార్టినెజ్‌ను తొలగించవలెనని అభిమానులు పట్టుబట్టినారు. భోజనాల బల్ల వద్ద మేమును అదే తీర్పు చెప్పినాము.

యాజమాన్యం ఆ పని చేయలేదు. మే మొదట్లో పిచింగ్ కోచ్‌ను మార్చినది గాని జట్టును విప్పివేయలేదు. అసలు లోపంలో కొంత భాగం గాయాలది. ఏప్రిల్ 2న వ్రేలు విరిగిన ట్రే టర్నర్ మే 17న గాని తిరిగి రాలేదు. రెండోన్, సోటోలు కూడా కొన్నాళ్ళు ఆటకు దూరమైనారు. మరమ్మతుకు వెళ్ళిన భాగాలు తిరిగి అమరగానే యంత్రం నడిచినది. మే 24 నుండి జూలైలోని ఆల్‌స్టార్ విరామం వరకు 39 ఆటలలో 28 గెలిచినారు. నడుమ బలహీనమైన జట్లు ఎదురగుట కూడా కలిసివచ్చినది.

జూన్ 18న సాధనలో బంతి తగిలి మాక్స్ షెర్జర్ ముక్కు విరిగినది. మరునాడే నల్లబడిన కంటితో వచ్చి ఏడు ఇన్నింగ్సులు ఒక్క పరుగైనను ఇవ్వలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో వదలివేసిన హెరార్డో పర్రా తన చిన్నారికి ఇష్టమైన ‘బేబీ షార్క్’ పాటతో బ్యాటింగుకు రాసాగినాడు. మైదానమంతా సొరచేప నోటివలె చేతులు చాచి చప్పట్లు. సోఫాలో కూర్చుని మా శ్రీమతియు అదే పని!

చివరకు 93 గెలుపులు. అక్టోబరు 30న హ్యూస్టన్‌లో ఏడవ ఆట 6-2తో గెలిచి నేషనల్స్ ప్రపంచ సిరీస్ అందుకొన్నారు. 1924 తరువాత వాషింగ్టన్‌కు అదే మొదటిది. ఇక్కడ అది మరునాటి ఉదయం. ఒక పూట సెలవు పెట్టి చూచినామని ఇప్పుడు ఒప్పుకొనుటలో తప్పులేదు.

ఆ సంతోషంలో పాత సంగతి ఒకటి గుచ్చుకొన్నది. ఏళ్ళ క్రిందట మా విభాగంలో చేరిన ఒక యువ ఇంజనీరుకు మొదటి మూడు నెలలు పని కుదరలేదు. అతనిని వేరొకచోటికి పంపవలెనని ఉత్తరం వ్రాసినది మేమే. చేతి క్రింద అనుభవజ్ఞులు ఉన్నారా, పనిముట్లు సరిగా ఉన్నవా అని విచారించలేదు. వెళ్ళినచోట అతడు మంచి పేరు తెచ్చుకొన్నాడు. మేము పోగొట్టుకొన్నది ఎవరినో అప్పుడు తెలిసినది.

ప్రతి జట్టును అట్టే ఉంచితే గెలుచునని మేము చెప్పబోము. లోపాన్ని వెదకి సరిచేయుట వేరు, ఓపికలేక విప్పివేయుట వేరు. వార్షిక నివేదికలు వ్రాయు మిత్రులు కలం ఎత్తుటకు ముందు ఇవి ఎన్నవ ఆట ఫలితాలో ఒక్కసారి లెక్కించుకొందురు గాక!