ఫెయిలైన స్వాపే నయం!

మా రూమ్మేట్ పోయిన నెల ఒక డీసెంట్రలైజ్డ్ ఎక్స్‌ఛేంజ్‌లో టోకెన్ మార్చబోయాడు. మెస్ బిల్లుకి దాచుకున్న డబ్బు. రెండుసార్లు ఫెయిల్, రెండుసార్లూ గ్యాస్ ఫీజు మాత్రం పోయింది. మూడోసారి, ఎవరో వీడియోలో చెప్పారని స్లిప్పేజ్ 20 శాతం పెట్టాడు. స్వాప్ అయిపోయింది. వాడు పండగ చేసుకున్నాడు. తీరా లెక్క చూస్తే, స్క్రీన్ చూపించిన దానికన్నా దాదాపు ఆరో వంతు తక్కువ వచ్చింది.

నా ఉద్దేశంలో వాణ్ణి ముంచింది ఫెయిలైన రెండూ కాదు, పాసైన మూడోది.

ఎందుకంటే ఇక్కడ ఎదురుగా అమ్మేవాడు ఉండడు. రెండు టోకెన్లున్న ఒక పూల్ ఉంటుంది. 2018లో ఇథీరియం మీద మొదలైన యూనిస్వాప్ వాడిన సూత్రం చాలా సింపుల్: ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే సంఖ్య మారకూడదు. పూల్‌లో 10 ఈథర్, 20,000 యూఎస్‌డీసీ ఉన్నాయనుకోండి. పూల్ ఫీజు పక్కనపెడితే, నేను 1 ఈథర్ వేస్తే 1,818 వస్తాయి. కానీ నేను బటన్ నొక్కాక, నా లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కేలోపు ఇంకొకరు 1 ఈథర్ వేసేశారు. ఇప్పుడు నాకు దక్కేది 1,515 మాత్రమే. స్లిప్పేజ్ 0.5 శాతమే పెట్టి ఉంటే, 1,809 కన్నా తగ్గితే వద్దని ముందే చెప్పినట్టు. అందుకే కాంట్రాక్ట్ ఆపేస్తుంది. అదే 20 శాతమైతే 1,455కి కూడా ఒప్పుకున్నట్టే! సరిగ్గా ఆ తేడా కోసమే, మనకంటే ముందు దూరి రేటు మార్చి, మన వెనకాలే లాభం తీసుకునే బాట్లు కాచుకుని ఉంటాయి.

మరి ఫెయిలైతే ఫీజు ఎందుకు? ఆటోలో ఆఫీసుకి వెళ్లాం, తలుపు మూసి ఉంది. ఆటో ఛార్జీ ఇవ్వాలా వద్దా? నెట్‌వర్క్ కూడా లెక్క చేసి పెట్టింది, కూలి తీసుకుంది.

ప్రతి ఫెయిల్యూరూ మన మంచికే అనను. గ్యాస్ లిమిట్ చాలకపోవచ్చు. టోకెన్ వాడుకోవడానికి అప్రూవల్ ఇచ్చి ఉండకపోవచ్చు. కొన్ని టోకెన్లనైతే కొనగలం గానీ అమ్మలేం, కోడే అలా రాసి ఉంటుంది. చాలాసార్లు వీటన్నిటికీ స్క్రీన్ మీద కనిపించేది అర్థంకాని ఒకే ఒక్క లైను. అసలు తప్పు అక్కడుంది. కారణం తెలియని మనిషి చేతికి దొరికిన మీట నొక్కుతాడు. మావాడు చేసిందీ అదే.

రేపు ఆ స్క్రీన్లు రాయబోయేది మనమే. "ఎర్రర్" అని రాసి చేతులు దులుపుకోవద్దు. "మీరడిగిన రేటు ఇప్పుడు లేదు, అందుకే ఆపాను" అని ఒక్క వాక్యం రాద్దాం. వీలైతే తెలుగులో.