చదవని పత్రంపై సంతకం

మన ఇళ్ళలో ఉమ్రా ప్రయాణం ఖాయమైందంటే నెలల ముందు నుంచే సందడి మొదలవుతుంది. ఎహ్రామ్ బట్టలు, మెత్తని చెప్పులు, దుఆల పుస్తకం, పచ్చడి సీసాలు, ఒక్కటీ మరచిపోము. బంధువుల ఇళ్ళకు వెళ్ళి కహా సునా మాఫ్ చేయించుకుంటాం. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేటప్పుడు మాత్రం హోటలు హరమ్‌కు ఎంత దూరం, భోజనం మన వంటవాళ్ళదేనా అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటాం. "బీమా కూడా ఇందులోనే ఉంది హజ్రత్" అని అతడంటే అల్‌హమ్దులిల్లాహ్ అని లేచి వచ్చేస్తాం. ఏ బీమా, ఎంతకు, దేనికి అని అడగం.

అలా అడగనివారిలో మేమూ ఒకరం. 2018లో మా ఖాలాజాన్‌ను ఉమ్రాకు పంపాం. వీసాతోపాటు బీమా ఇచ్చే పద్ధతి అప్పటికింకా రాలేదు. ఏజెంటు ఒక ప్రయాణ పాలసీ తెచ్చాడు. ఫారంలో ఇంతకుముందు నుంచి ఉన్న జబ్బులు రాయాల్సిన చోట "లేవు" అని తానే రాసి, "రాస్తే ప్రీమియం పెరుగుతుంది మౌల్వీ సాబ్, అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు. ఖాలాజాన్ పన్నెండేళ్ళుగా బి.పి. మాత్రలు మింగుతున్న సంగతి మాకు తెలుసు. అయినా ఆమె చేత సంతకం చేయించాం. మదీనాలో నాలుగో రోజున ఆమెకు ఛాతీ నొప్పి వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు రోజులు ఉండవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల కోలుకుని తిరిగి వచ్చారు. క్లెయిము మాత్రం తిరిగి రాలేదు. మదీనా డాక్టరుకు ఆమె తన పాత జబ్బు గురించి దాచకుండా చెప్పారు. అతడు రాసుకున్నాడు. ఆ కాగితమే చూపి కంపెనీ కాదంది. డాక్టరు ముందు ఆమె నిజం చెబితే, ఫారం మీద మేము అబద్ధం రాయనిచ్చాం. ఇక ఎవరి మీద కోపగించుకోగలం? ఆ అప్పు తీర్చడానికి ఆమె కొడుక్కి రెండేళ్ళు పట్టింది.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించినదేనని (అల్ బఖరా 282) మేము మా విద్యార్థులకు ఏటా పాఠం చెబుతుంటాం. అటువంటి మేమే ఇంగ్లీషు పత్రం కనిపించగానే కళ్ళు మూసుకున్నాం.

బీమా తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. ఒంటెను కట్టకుండా వదిలిన పల్లెవాసికి దైవప్రవక్త (స) ఏం చెప్పారో పాఠకులకు తెలిసిందే. అసలు చర్చ తవక్కుల్ గురించి కాదు, ఒప్పందం స్వభావం గురించి. జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1985లో వాణిజ్య బీమాను తప్పుపట్టి, సహకార పద్ధతిలోని బీమాను సమ్మతించింది. సందేహమున్నవారు తమకు నమ్మకమున్న ముఫ్తీని అడగడం మంచిది. అయితే 2020 నుంచి ఉమ్రా వీసా రుసుములోనే సౌదీ ప్రభుత్వం బీమాను కలిపేసింది కనుక, ఆ మేరకు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే మిగల్లేదు. తీసుకున్నది చదవాలా వద్దా అన్నదే ప్రశ్న.

ఏజెంటు "ఇందులోనే ఉంది" అన్నది చాలావరకు ఈ వీసా బీమానే. దీని గరిష్ఠ పరిమితి లక్ష రియాళ్ళు. తక్కువేమీ కాదు. కానీ అది సౌదీ గడ్డ మీద ఉన్నంత వరకే, ముఖ్యంగా అత్యవసర పరిస్థితులకే. విమానం మారడానికి షార్జాలోనో మస్కట్‌లోనో ఆగినప్పుడు ఒంట్లో బాగోలేకపోతే అది పనికిరాదు. హజ్ కాలంలోనైతే మక్కాలో భారత హజ్ మిషన్ వైద్య కేంద్రాలు ఉంటాయి. ఉమ్రాకు వెళ్ళేవారికి ఆ నీడ ఉండదు. అందుకే వయసు మళ్ళినవారికి, షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి ఇక్కడ బయలుదేరక ముందే వేరే పాలసీ అవసరమని మా అభిప్రాయం. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్నవారికి అంత పట్టుదల అక్కర్లేదు.

పాలసీని ఎంచుకునేటప్పుడు మన వాళ్ళు చూసేది రెండే: ప్రీమియం ఎంత, మొత్తం ఎన్ని వేల డాలర్లు. మేమైతే చివరి పేజీలు ముందు చదవమంటాం. ఏమేమి ఇవ్వరో అక్కడ ఉంటుంది. పాత జబ్బు తిరగబెడితే అసలు ఇవ్వరా, ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా ఇస్తారా, ఇస్తే ఎంత వరకు? చాలా పాలసీల్లో ఒక వయసు దాటినవారికి గది అద్దెకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని విడివిడి హద్దులు ఉంటాయి. యాభై వేల డాలర్ల పాలసీ అని మురిసిపోతాం, తీరా చూస్తే గుండె ఆపరేషన్‌కు అందులో చిన్న ముక్కే దక్కుతుంది. ప్రతి క్లెయిములో మొదటి కొన్ని డాలర్లు మనమే భరించాలన్న షరతూ ఉంటుంది. సామాను ఆలస్యం, విమానం ఆలస్యం లాంటివాటికి ఇచ్చేది చూసి పాలసీ ఎంచుకోవడం అనవసరం. పెట్టె పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆసుపత్రిలో చేరగానే పత్రం మీదున్న సహాయ కేంద్రానికి ఫోను చేయాలి. ఈ సంగతి తెలియక క్లెయిములో చిక్కులు తెచ్చుకుంటున్నవారు ఉన్నారు.

మరొక మాట చెప్పడానికి మనసు రావడం లేదు, అయినా చెప్పాలి. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనా వెళ్తున్న బస్సు ట్యాంకరును ఢీకొని నలభై మందికి పైగా ఉమ్రా యాత్రికులు మరణించారు. వారిలో ఎక్కువమంది హైదరాబాద్ వారే. ఒకే కుటుంబంలోని చాలామంది ఒకే బస్సులో ఉన్నారు. అల్లాహ్ వారందరినీ మన్నించుగాక! ఆ తర్వాత మాకు తెలిసిన వారి పాలసీలు చూస్తే భర్త పత్రంలో భార్య, భార్య పత్రంలో భర్త నామినీలు. ఇద్దరూ పక్కపక్క సీట్లలో వెళ్ళేవారే. ప్రయాణంలో వెంట రాని మనిషిని నామినీగా రాయించాలి, ఒక నకలు అతని దగ్గరే ఉంచాలి. నామినీ అంటే వారసుడని కాదు, ఆ సొమ్ము అతని చేతిలో అమానత్.

గల్ఫ్ కొలువులకు వెళ్ళే మన పిల్లల సంగతి వేరు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వత వైకల్యం కలిగితే పది లక్షల రూపాయలు ఇస్తుంది. గడువు రెండేళ్ళు లేదా మూడేళ్ళు. అది ముగిశాక అక్కడి నుంచే పొడిగించుకునే వీలున్నా, పట్టించుకోనివారు చాలామందే ఉన్నారు. కొడుకుతో మాట్లాడేటప్పుడు జీతం సంగతితోపాటు ఇదీ అడగండి.

అన్నీ నిజమే రాసినా కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలవారికీ అదే కార్యాలయం. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కానీ అబద్ధం రాసినవారికి అక్కడా దారి దొరకడం కష్టం.

ఖాలాజాన్ ఈ ఏడాది మళ్ళీ వెళ్తానంటున్నారు. ఈసారి ఫారం ఇంటికే తెప్పించి, ఒక్కొక్క ప్రశ్న ఆమెకు ఉర్దూలో చదివి వినిపించాం. బి.పి., షుగరు, ఆ ఛాతీ నొప్పి, అన్నీ రాశాం. ప్రీమియం బాగానే పెరిగింది. "బేటా, మోకాళ్ళ నొప్పి రాయలేదే" అన్నారు. అదీ రాశాం.