బల్బు పగిలితే అది ఎవరి పని?

బల్బు బాగున్నంతసేపు అది కరెంటు వస్తువు. దాన్ని కొనడం, ఎన్ని వాట్లదో చూడటం, హోల్డర్‌లో బిగించడం మగవాళ్ల పని, లేదా డబ్బులిచ్చి పిలిపించుకున్న ఎలక్ట్రీషియన్ పని. అదే బల్బు పగిలిన మరుక్షణం చెత్త అయిపోతుంది. చెత్త తీయడం ఎవరి పనో ఈ దేశంలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఇల్లాలు తీయాలి, ఆమె తీయకపోతే పనికొచ్చే ఆమె తీయాలి. హోల్డర్‌లో ఇంకా కరెంటు ఉందా లేదా అన్న ప్రశ్న ఈ పేరు మార్పిడిలో మాయమైపోతుంది. ఆ మాయ గురించే నా గొడవంతా.

మా బాచుపల్లి ఒకప్పుడు పొలాలూ, మందుల ఫ్యాక్టరీలూ ఉన్న ఊరు. హైటెక్ సిటీ ఉద్యోగాలు పెరిగేకొద్దీ పొలాలు ప్లాట్లయ్యాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలయ్యాక, 2019లో ప్రగతినగర్, నిజాంపేటలతో కలిపి మునిసిపల్ కార్పొరేషన్ చేశాక అపార్టుమెంట్లు ఇంకా వేగంగా లేచాయి. పొద్దున్నే కంపెనీ క్యాబులు బయటికి పోతుంటే, షేర్ ఆటోల్లోంచి ఆడవాళ్లు దిగి గేట్లలోపలికి పోతుంటారు. ఒక్కొక్కరికి నాలుగైదు ఇళ్లు. గిన్నెలు, బట్టలు, ఊడ్పు, తుడుపు. జీతం మాట్లాడుకునేటప్పుడు లెక్కలోకి వచ్చేవి ఈ నాలుగే. లెక్కలోకి రానివి ఎన్నో. పగిలిన బల్బు పీకడం వాటిలో ఒకటి.

ఇంటిపని చేసే స్త్రీలతో మేం పెట్టుకున్న ఒక సమావేశంలో ఒక చెల్లెలు తన అరచేయి చూపించింది. ఆమె మాటల్లోనే చెబుతాను. “దేవుని రూముల బల్బు పలిగిందక్కా. స్విచ్ బంద్ చేసినం, ఏం గాదు, స్టూలెక్కి తియ్యుమన్నరు. చెయ్యి వెట్టంగనే జుమ్మన్నది. చెయ్యి గుంజితే గాజు గీసుకపొయింది. స్టూలు మీదికెల్లి పడ్డ. నాలుగు కుట్లు పడ్డయి. మూడు దినాలు పనికి పోలే. ఆ మూడు దినాల పైసల్ కోసిండ్రు. జాగ్రత్తగ తీస్తే ఏమైతుండె అన్నరు.”

జాగ్రత్త! ఈ మాట ఎంత సౌకర్యమైనదో చూడండి. పరికరం ఇవ్వని యజమాని జాగ్రత్త ఇస్తాడు. మెయిన్ ఆపని యజమాని జాగ్రత్త చెబుతాడు. ప్రమాదం జరిగితే తప్పు వైరింగుది కాదు, స్టూలుది కాదు, ఎక్కమన్న వాళ్లది అసలే కాదు. ఎక్కిన దానిది. ఒక్క మాటతో ఇంటి యజమాని బాధ్యత పనిచేసే స్త్రీ ఒంటి మీదికి మారిపోయింది.

స్విచ్ ఆపితే కరెంటు ఎందుకు కొట్టిందో ఆ చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంట్లో దీపానికి రెండు తీగలు వస్తాయి, ఒకటి ఫేజు, ఇంకొకటి న్యూట్రల్. స్విచ్ ఫేజు తీగ మీద ఉండాలి. వైరింగు చేసినవాళ్లు హడావుడిలో దాన్ని న్యూట్రల్ మీద వేశారనుకోండి, స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది. కానీ హోల్డర్ పిన్ను దాకా 230 వోల్టులు వచ్చి కూర్చునే ఉంటాయి. లైటు ఆరింది కాబట్టి కరెంటు లేదని అందరూ అనుకుంటారు. పైగా మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది నొక్కి తిప్పే పిన్ను హోల్డర్. స్ప్రింగు మీద ఉన్న రెండు పిన్నులూ దానిలోపలే, వేలికి అందేంత దూరంలో ఉంటాయి. పగిలిన బల్బులోనైతే ఫిలమెంటును పట్టుకునే రెండు తీగలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

సరే, మెయిన్ ఆపేస్తే? మన అపార్టుమెంట్లలో అదీ చాలదు, ఎందుకంటే ఇన్వర్టరు ఉంటుంది. మెయిన్ పడిపోగానే కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీలోంచి కరెంటు ఇస్తుంది. ఇన్వర్టరుకు కలిపేవి ముఖ్యంగా లైట్లూ ఫ్యాన్లే కదా! అంటే మెయిన్ ఆపిన తర్వాత కూడా మనం చెయ్యి పెట్టబోయే హోల్డర్‌లోనే కరెంటు ఉండొచ్చు. కొన్నిచోట్ల జనరేటరు లైను కూడా వేరే వస్తుంది. ఏ తీగ ఎటు పోతుందో ఇల్లు కొన్నవాళ్లకు తెలిసి ఉండాలి. గంట పనికొచ్చి పోయే ఆమెకు తెలియాలని ఏ న్యాయం ప్రకారం ఆశిస్తున్నాం?

కొత్త ఫ్లాట్లవాళ్లు, మా ఇంట్లో లీకేజీ బ్రేకరుంది, షాకు కొట్టదు అంటారు. 30 మిల్లీ యాంపియర్ల బ్రేకరు మంచిదే, ఉండాల్సిందే. కరెంటు ఒంట్లోంచి నేలలోకి పోతున్నప్పుడు అది పడిపోయి ప్రాణం కాపాడుతుంది. కానీ ఒకే చేతి వేళ్లు రెండు పిన్నులకూ తగిలి, కరెంటు నేలలోకి పోకుండా ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకే ప్రవహిస్తే, బ్రేకరుకు అది బల్బు వెలిగినట్టే కనిపిస్తుంది. అది పడదు.

మరి ఎలా తీయాలి? అక్కలూ చెల్లెళ్లూ ఇది కంఠతా పట్టాలి. ముందు స్విచ్, తర్వాత మెయిన్, తర్వాత ఇన్వర్టరు, మూడూ ఆపాలి. అదే లైనులో ఉన్న ఇంకో లైటు వేసి చూడాలి, వెలగకూడదు. టెస్టరు ఉంటే, మెయిన్ ఆపకముందే కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాత హోల్డర్ దగ్గర పెట్టాలి. చెక్క స్టూలు మీద, పొడి చెప్పులతో నిలబడితే కరెంటున్నా టెస్టరు సరిగా వెలగకపోవచ్చు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టకూడదు. మెయిన్ దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి, ఎవరూ తెలియక వేయకుండా. ఆ మనిషి ఇంటి యజమానే కావాలి. కింద పాత దుప్పటో, న్యూస్ పేపర్లో పరవాలి. చేతులకు మందపాటి పొడి గ్లౌజులు, కళ్లకు అద్దాలు. సన్నమూతి ప్లేయరుతో గాజును కాదు, బల్బు రేకు మూతిని అంచున పట్టుకోవాలి. కొంచెం పైకి నొక్కి, ఎడమవైపుకు తిప్పి, కిందికి దింపాలి. ప్లేయరు పిడికి రబ్బరు తొడుగు ఉంది కదా అని కరెంటు ఆపకుండా తీయకూడదు. మూతి తుప్పుపట్టి అతుక్కుపోయినా, హోల్డర్ కరిగిపోయినా పోరాడకూడదు. దిగిపోయి, హోల్డరే మార్చే మనిషిని పిలిపించమనాలి.

బంగాళాదుంపను సగానికి కోసి పగిలిన బల్బులో గుచ్చి తిప్పితే ఊడొస్తుందని ఒక చిట్కా చెబుతుంటారు. అది మరతో బిగించే హోల్డర్లున్న దేశాల నుంచి వచ్చిన చిట్కా. మన పిన్ను హోల్డర్‌లో నొక్కకుండా తిప్పితే బల్బు రాదు, దుంపతో నొక్కితే గాజు దాన్ని చీల్చి చేతిలోకి దిగుతుంది. దుంప తడి హోల్డర్‌లోకి పోతుంది. ఆ తడిలోంచి కరెంటు కూడా పారుతుంది. ప్లేయరు కొనివ్వని ఇళ్లలో మాత్రం ఇది గొప్ప తెలివిగా చలామణీ అవుతోంది.

ఇక బల్బుల రకం మారింది కదా అంటారు. మారింది. 2009లో కేంద్ర ప్రభుత్వం కరెంటు ఆదా కోసం సీఎఫ్ఎల్ బల్బుల పథకం తెచ్చింది. 2015 జనవరిలో ఎల్‌ఈడీల ఉజాలా పథకం వచ్చింది. కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో అందరి నోటా విన్నాం. సీఎఫ్ఎల్, ట్యూబులైటు పగిలితే అందులోని పాదరసం గాలిలో కలుస్తుందన్న మాట మాత్రం చీపురు పట్టిన మనిషి దాకా రాలేదు. పగిలిన గదిలోంచి పిల్లలతో సహా అందరూ బయటికి వచ్చి, కిటికీలు తెరిచి, ఏసీ ఆపి, పావుగంట ఆగాలి. చీపురూ వద్దు, వ్యాక్యూమ్ క్లీనరూ వద్దు. రెండూ పాదరసాన్నీ పొడినీ ఇల్లంతా చల్లుతాయి. అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతో అద్ది, తడి కాగితంతో తుడిచి, అన్నీ మూత ఉన్న సీసాలో వేయాలి. ఎల్‌ఈడీకి గాజు భయం తక్కువ. కానీ పైనున్న తెల్ల డోము విరిగితే లోపలి పలక మీద నేరుగా మెయిన్స్ కరెంటు ఉండొచ్చు. దానికీ మెయిన్, ఇన్వర్టరు ఆపాల్సిందే.

పాదరసం సంగతి ప్రపంచానికి తెలియక కాదు. జపాన్‌లోని మినమాటా ప్రజలు పడ్డ నరకం పేరు మీదే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశం దాన్ని ధ్రువీకరించింది. 2016 ఘన వ్యర్థాల నియమాల్లో సీఎఫ్ఎల్, ట్యూబులైట్లను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా రాసి, వేరుగా ఇవ్వాలన్నారు. కానీ అపార్టుమెంటు చెత్తడబ్బాలో అరటితొక్కల కింద గాజు పెంకులు ఉంటాయి. వాటిలో చేతులు పెట్టి వేరుచేసేది మళ్లీ ఒక స్త్రీయే. ఆమె కులమేమిటో కూడా మనకు తెలుసు. పై అంతస్తులో ఒకామె చేతికి తగలకుండా తప్పిపోయిన గాజు, కింది అంతస్తులో ఇంకొకామె చేతికి తగులుతుంది.

మా వైపు అపార్టుమెంటు సంఘం పెద్దమనిషి ఒకాయన నాతో, “బల్బు పీకడానికి కూడా హక్కులేమిటి మేడం, మా ఆవిడే తీస్తుంది మా ఇంట్లో” అన్నాడు. ఆయన అనుకున్నది తన వాదన గెలిచిందని. నాకు వినిపించింది ఇంకో బాధితురాలి సంగతి. ఆ ఇల్లాలికి ఇంటి మెయిన్ ఎక్కడుందో చూపించారా? టెస్టరు ఎప్పుడైనా చేతికిచ్చారా? “ఆడవాళ్లకెందుకు కరెంటుతో” అని చిన్నప్పటి నుంచీ దూరం పెట్టి, పగిలినప్పుడు మాత్రం దగ్గరికి తోస్తారు. జ్ఞానం మగవాడి దగ్గర, గాజు ఆడదాని దగ్గర. ఇల్లాలు ఆ గాజును తనకంటే కింద ఉన్న స్త్రీకి బదిలీ చేసి ఊపిరి పీల్చుకుంటే అది విముక్తి కాదు. పితృస్వామ్యం ఒక మెట్టు కిందికి దిగిందంతే.

ఇంత చిన్న ప్రమాదానికి ఇంత గోలా అనేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. 2024 మే 7న పెద్ద వాన పడి ఇదే బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు గోడ కూలి, దాని పక్కన రేకుల షెడ్లలో ఉన్న వలస కూలీలు ఏడుగురు చనిపోయారు. వాళ్లలో నాలుగేళ్ల పసివాడున్నాడు. ఏడు శవాలు లేస్తే తప్ప ఈ ఊళ్లో శ్రమకు ప్రమాదం ఉందని ఎవరికీ కనపడలేదు. కుట్లు పడ్డ చేతులు ఏ పత్రికకూ ఎక్కవు. కానీ గోడ దగ్గరా హోల్డర్ దగ్గరా నడిచింది ఒకే ఆలోచన: పని జరగాలి, పనిచేసే ఒళ్లు ఏమైనా ఫరవాలేదు.

చట్టం ఏమంటోంది? 2020లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్‌కు సంస్థ అనిపించుకోవాలంటే సాధారణంగా పదిమంది పనివాళ్లుండాలి. ఒక్క మనిషి పనిచేసే వంటిల్లు దాని కంటికి ఆనదు. ఇల్లు పనిస్థలమెలా అవుతుందని అడుగుతారు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇల్లు కూడా పనిస్థలమేనని స్పష్టంగా ఒప్పుకుంది. ఇంటి పనిచేసే స్త్రీలను పేరుపెట్టి చేర్చింది. వేధింపుల విషయంలో పనిస్థలమైన ఇల్లు, షాకు కొట్టినప్పుడు పనిస్థలం కాకుండా ఎలా పోతుంది? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒప్పందం ఇంటి పనివారికి సురక్షితమైన పని పరిస్థితుల హక్కు ఉందని చెప్పింది. మన ప్రభుత్వం అక్కడ అనుకూలంగా చెయ్యెత్తి, ఇక్కడికొచ్చి ధ్రువీకరించకుండా కూర్చుంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇంటి పనివారికి చట్టం లేని లోటును ఎత్తిచూపి, కమిటీ వేసి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది.

చట్టం వచ్చేదాకా చేతులు కోసుకుంటూ ఉండలేం. కాబట్టి మన కోరికలు ఇవీ. బల్బు, ట్యూబు, ఫ్యాను, స్విచ్ పనులు ఇంటిపనిలో భాగం కావని జీతం మాట్లాడుకున్నప్పుడే తేల్చుకోవాలి. పగిలిన బల్బు తీయించే బాధ్యత అపార్టుమెంటు సంఘానిది, దాని ఎలక్ట్రీషియన్‌ది. మెయిన్, ఇన్వర్టరు ఎక్కడున్నాయో, ఎలా ఆపాలో ఇంట్లో ప్రతి స్త్రీకీ, పనికొచ్చే ప్రతి స్త్రీకీ చూపించాలి. ప్రతి బ్లాకులో గాజుకూ పాదరసం దీపాలకూ వేరే డబ్బా పెట్టాలి. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పోయిన రోజుల జీతం ఇల్లుగలవాళ్లే ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, కరెంటు ఆపకుండా స్టూలెక్కమంటే “నేను ఎక్కను” అనే హక్కు ఉండాలి. ఆ మాటన్నందుకు పని పోకూడదు.

ఒక స్త్రీ ఒక్కతే ఈ మాటంటే మర్నాటికి ఆ ఇంట్లో ఇంకొకామె ఉంటుంది. ఆ బ్లాకులో పనిచేసే ఆడవాళ్లందరూ, వాళ్లతో పాటు ఆ ఇళ్లలోని ఆడవాళ్లూ అంటే, యజమాని స్వయంగా మెయిన్ దగ్గరికి నడవాల్సి వస్తుంది.